బాయికాడ రేకుల షెడ్డు: రేటు చదరపు అడుగుల్లో, ఖర్చు కిలోల్లో

## క్లుప్తంగా

20×30 అడుగుల రేకుల షెడ్డుకు ఇద్దరు వెల్డర్లు చెప్పే ధరల మధ్య నలభై యాభై వేల తేడా వస్తే, అందులో ఎక్కువ భాగం పైపు మందం, రేకు మందం, స్తంభాలు పాతే గుంతల సైజు దగ్గరే ఉంటుంది. కట్టాక రెండు షెడ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చదరపు అడుగు రేటుతో పోలిస్తే ఆ తేడా దొరకదు, కిలోల్లో అడిగితే దొరుకుతుంది. నల్లగొండ, పాలమూరు వైపు షెడ్లను పడగొట్టేది వాన కాదు, ఈదురుగాలి. అందుకే చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు చూడాల్సింది గుంతలు, బోల్టులు. మందం రేకు ఆ తర్వాతి మాట.

## ఇంతమంది ఎందుకు కట్టుకుంటున్నారు

యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తాయి. సరిగ్గా అదే సమయంలో ఉరుములు, ఈదురుగాలులు, రాళ్లవానలు. కల్లంలో పోసిన కుప్ప మీద పరదా కప్పి రాత్రంతా కాపలా కాసినా, కింద నుంచి నీళ్లు పారితే వడ్లు తడుస్తాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు, కాబట్టి ఒక్క వానకు వారం ఆలస్యం. ఇంకోవైపు పాత పద్ధతిలో గడ్డి కప్పిన కొట్టాలు వేసేవాళ్లు తగ్గారు, ఊళ్లో ఇల్లు చిన్నదైంది, ట్రాక్టరు, రోటావేటరు, డ్రిప్పు పైపులు, యూరియా బస్తాలు, స్టార్టరు డబ్బాలు అన్నీ పొలం దగ్గరే ఉండాల్సి వస్తోంది. మిర్యాలగూడ దిక్కు వరి రైతుకైనా, జడ్చర్ల దిక్కు పత్తి రైతుకైనా కావాల్సింది ఒకటే, నాలుగు స్తంభాల మీద నిలబడే గట్టి నీడ.

ఇనుప షెడ్డు మీద మొగ్గు రావడానికి కారణం వేగం. గుంతలు తీసి, కాంక్రీటు ఆరాక, పైకప్పు రెండు మూడు రోజుల్లో లేస్తుంది. అవసరమైతే విప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చు, అమ్ముకున్నా ఇనుముకు ఎంతో కొంత విలువ ఉంటుంది. సిమెంటు రేకులతో పోల్చినా ఇనుప రేకు తేలిక. రాళ్లవానకు సొట్టలు పడుతుందేమో గానీ పగిలి ముక్కలవదు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ఇదొక పెద్ద కారణం, గుంపుగా దూకే కోతులకు పాత సిమెంటు రేకు నిలవదు. పైగా అందులోని ఆస్బెస్టాస్ నార, రేకును కోసినప్పుడూ పగిలినప్పుడూ గాల్లో కలిసి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కొత్తగా కట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

## ముందు తేలాల్సింది లోపల ఏముంటుందన్నది

షెడ్డు సైజు చెప్పేటప్పుడు చాలామంది ఉన్న జాగాను బట్టి చెప్తారు. లోపల పెట్టేదాన్ని బట్టి చెప్పాలి. 20×30 అంటే 600 చదరపు అడుగులు. నడవడానికి, బస్తాలు దించడానికి దారి వదిలితే నిల్వకు మిగిలేది ఇంచుమించు 360. ఆరడుగుల ఎత్తు నెట్టు కడితే, బస్తాల్లో ఉన్న టన్ను వడ్లకు 70 ఘనపుటడుగులు పడుతుందనే మోటు లెక్కన, 30 టన్నులు పడతాయి. అంటే 40 కిలోల బస్తాలు 750. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండే చోట పన్నెండెకరాల పంట. అదే షెడ్డులో వదులుగా పోసిన పత్తి అయితే బరువులో దానికి దరిదాపుల్లోకి కూడా రాదు, పత్తికి కావాల్సింది నేల కాదు, ఎత్తు.

ఒక విషయం మాత్రం స్పష్టంగా ఉండాలి: షెడ్డు వడ్లను తడవకుండా కాపాడుతుంది, ఆరబెట్టదు. పచ్చి వడ్లను నెట్టు కట్టి మూసేస్తే లోపల వేడి పుట్టి రంగు మారతాయి.

ఎరువులది ఇంకో సమస్య. యూరియా గాల్లో తేమను లాక్కుంటుంది, పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది, ఈ రెండూ రేకు మీది జింకు పూతను తినేస్తాయి. బస్తాలు గోడరేకుకు ఆనించి పెట్టిన చోట కింది అడుగున్నర ముందుగా తుప్పు పట్టి చిల్లులు పడేది ఇందుకే. అలాంటి చోట కింద మూడడుగులు ఇటుక గోడ లేదా సిమెంటు బ్రిక్సు, దాని పైన రేకు పెట్టడం ఖర్చు పెంచినా లాభమే. ఎలుకలకు, వరద నీటికి కూడా అదే అడ్డు.

యంత్రాల కోసమైతే లెక్క ద్వారం దగ్గర మొదలవుతుంది. వరికోత మిషన్ లోపలికి పోవాలంటే ద్వారం దాని వెడల్పు కన్నా పెద్దగా ఉంటేనే నిశ్చింత, ట్రాక్టరుకు 10 అడుగులు చాలు. ఎత్తు పెంచడం ఉచితం కాదు. 20×30 షెడ్డు చుట్టుకొలత 100 అడుగులు, అంటే నాలుగు వైపులా మూస్తే ఒక్కో అడుగు ఎత్తుకు 100 చదరపు అడుగుల రేకు అదనం, పైగా స్తంభం పొడవయ్యే కొద్దీ గాలికి ఊగడం ఎక్కువవుతుంది కాబట్టి దాన్ని మందం కూడా చేయాల్సి వస్తుంది.

## చదరపు అడుగు రేటులో దాగే తేడా

ఇక అసలు గొడవ. "ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకు) ఇంత" అని చెప్పినప్పుడు మొదటి ప్రశ్న: ఏ ఎస్‌ఎఫ్‌టీ? నేల 20×30 అయినా, చుట్టూ రెండడుగుల చూరు వదిలితే పైకప్పు 24×34 అవుతుంది, అంటే 816, వాలు కలిపితే 830 దాకా. 600 మీద రేటు చెప్పినవాడికీ 830 మీద చెప్పినవాడికీ మధ్య 38 శాతం తేడా అక్కడే వచ్చేసింది. తక్కువ రేటు చెప్పినవాడే చివరికి ఎక్కువ బిల్లు వేయడం చాలాసార్లు ఇలాగే జరుగుతుంది, ఇందులో మోసమేమీ ఉండనక్కర్లేదు, మాట తేల్చుకోకపోవడమే.

రెండోది బరువు. ఒక ఉదాహరణ వేసుకుందాం. నాలుగు వైపులా ఓపెన్‌గా ఉన్న 20×30 షెడ్డు, ఎనిమిది స్తంభాలు, వాటి మీద కప్పును మోసే నాలుగు ట్రస్సులు (త్రికోణపు ఇనుప చట్రాలు).

గట్టిగా కట్టాలంటే స్తంభాలకు 4 అంగుళాల గుండ్రటి పైపు, ట్రస్సుకు, పర్లిన్లకు (రేకును బిగించే అడ్డ పైపులు) 50×50 చదరపు పైపు 2 ఎంఎం మందంలో, పర్లిన్లు నాలుగడుగులకొకటి. ఇలా లెక్క కడితే ఫ్రేము ఇంచుమించు 900 కిలోలు తూగుతుంది. 0.50 ఎంఎం రేకు అయితే పైకప్పుకు మరో 330. మొత్తం 1,230 కిలోలు.

ఇప్పుడు అదే షెడ్డుకు 3 అంగుళాల స్తంభాలు, ట్రస్సుకు 40×40 పైపు 1.6 ఎంఎంలో, పర్లిన్లు రెండు వరసలు తగ్గించి అదీ 1.6లోనే, పైన 0.35 రేకు. ఫ్రేము 540 కిలోలకు, రేకు 220కి దిగిపోతుంది. మొత్తం 760.

వెల్డింగు, పెయింటు, కూలి అన్నీ కలిపి కిలోకు 100 రూపాయలు అనుకుందాం (లెక్క సులువుగా ఉండడానికి వేసుకున్న రేటు ఇది, మార్కెట్ రేటు అని కాదు). మొదటిది 1,23,000, రెండోది 76,000. నేల మీద చదరపు అడుగుకు ఒకటి 205, ఇంకోటి 127. దారిన పోయేవాళ్లకు రెండూ నీలం రంగు షెడ్లే. 127 చెప్పినవాడు చవక అనుకుంటాం గానీ, ఆయన కిలోకు తీసుకుంటున్నది మొదటాయన తీసుకున్నంతే.

## పైపు, రేకు: కొలిచి చూడడం

50×50 పైపు 20 అడుగుల ముక్క 2 ఎంఎం అయితే 18 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, 1.6 అయితే 14 కిలోలు దాటి ఎక్కువ ఉండదు. లారీ దిగగానే ఏదో ఒక ముక్కను వడ్లు తూచే కాంటా మీద పెడితే తేలిపోతుంది. కళ్లతో చూసి ఎవరూ చెప్పలేరు, పైపు కొస దగ్గర అంచు కాస్త మందంగా కనపడుతుంది కూడా. గుండ్రటి పైపుల్లో లైటు, మీడియం, హెవీ అని మూడు రకాలుంటాయి, 4 అంగుళాల పైపులో వాటి గోడ మందం వరసగా 3.6, 4.5, 5.4 ఎంఎం. "నాలుగించుల పైపు" అని మాత్రమే రాసిన కొటేషన్ సగం కొటేషనే.

రేకు దగ్గర తిరకాసు ఇంకో రకంగా ఉంటుంది. 0.50 ఎంఎం అంటే ఒట్టి ఇనుము మందమా, పూత, రంగు కలుపుకొనా? రంగు రేకులో రెండు వైపుల లోహపు పూత, పెయింటు కలిపి 0.07 ఎంఎం దాకా ఉండొచ్చు, అంటే మొత్తం 0.50 అని అమ్మే రేకులో ఇనుము 0.43 చుట్టూ ఉంటుంది, 0.35 అని అమ్మేదాంట్లో 0.28. బలమిచ్చేది ఆ ఇనుమే. నాలుగడుగుల వెడల్పున్న కాయిల్‌ను (రేకు చుట్టను) వంపులు తిప్పి తీసిన 12 అడుగుల రేకు, మొత్తం 0.50 అయితే 16 కిలోలకు అటూ ఇటూ, 0.35 అయితే 11 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఇక్కడ కూడా కాంటానే సాక్షి.

తుప్పు విషయంలో మందం కన్నా పూత ముఖ్యం. మామూలు జీఐ రేకు మీద ఉండేది జింకు. గాల్వాల్యూమ్ అనే రకంలో పూత 55 శాతం అల్యూమినియం, మిగిలినదాంట్లో దాదాపు అంతా జింకు, కొద్దిగా సిలికాన్. దాని మీద ఏజెడ్ 150 అని రాసి ఉంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత అని అర్థం, 70 అని ఉంటే దాంట్లో సగం కూడా కాదు. ఒకే రంగు, ఒకే మందం, పక్కపక్కన పెట్టిన రెండు రేకుల్లో ఒకటి ఏళ్ల ముందే తుప్పు పట్టడానికి కారణం చాలాసార్లు ఈ అంకే. రేకు వెనకవైపు ముద్రించి ఉంటుంది, ముద్ర లేకపోతే అడగాలి. రంగు సంగతికొస్తే, మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నల్లగొండలో లేత రంగు తీసుకున్నవాళ్ల షెడ్డు లోపల వేడి తగ్గడం చేతికే తెలుస్తుంది. విత్తనం, పురుగుమందులు పెట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

## గాలి షెడ్డును తోయదు, లేపుతుంది

షెడ్డు గురించి ఆలోచించేటప్పుడు అందరి దృష్టీ పైనుంచి పడే బరువు మీద ఉంటుంది. మన దగ్గర మంచు పడదు, రేకు మీద నీళ్లు నిలవవు, పైనుంచి పడే బరువు పెద్దగా లేదు. ప్రమాదం కింద నుంచి పైకి. గాలి వాలు కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి రేకును పైకి పీలుస్తుంది, లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. రెండూ ఒకే దిక్కు.

ఎంత బలం? భారత ప్రమాణాల కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, కర్నూలుకు 39 అని ఉంది. దక్షిణ తెలంగాణ ఈ రెండింటి నడుమ ఉంటుంది. 44 మీటర్లంటే గంటకు 158 కిలోమీటర్లు, ఏడాది పొడవునా వీచేది కాదు, యాభై ఏళ్లకోసారి మూడు సెకన్ల పాటు రావొచ్చనే విసురు (గస్టు). గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. 44 దగ్గర అది చదరపు మీటరుకు 118 కిలోలు. చిన్న షెడ్డు, తక్కువ ఎత్తు అని సడలింపులన్నీ ఇచ్చేసి దాంట్లో సగమే, అంటే 60 కిలోలే పైకి లాగుతుందనుకున్నా, 24×34 కప్పు 76 చదరపు మీటర్లు కాబట్టి నాలుగున్నర టన్నులు. పైన చెప్పిన గట్టి షెడ్డు మొత్తం బరువే టన్నుంబావు. మిగతా మూడు టన్నుల పైచిలుకును పట్టి ఉంచాల్సింది భూమిలోని కాంక్రీటు.

ఇప్పుడు గుంతలు చూద్దాం. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, రెండడుగుల లోతు గుంతలో పట్టే కాంక్రీటు 300 కిలోలు. ఎనిమిదింటికి రెండు టన్నుల నాలుగు వందలు. చాలదు. అదే 2×2 గుంత మూడడుగుల లోతు తీస్తే ఒక్కోటి 800 కిలోలు, ఎనిమిదింటికి ఆరున్నర టన్నులు, రెట్టింపు ధీమా. ఈ తేడాకు అయ్యే ఖర్చు 13, 14 బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుక, కంకర, ఒక రోజు కూలి. అంతే. రేకును 0.35 నుంచి 0.50కి మార్చినా దాదాపు అంతే ఖర్చవుతుంది, కానీ గుంత చిన్నదైతే ఆ మందం రేకు స్తంభాలతో సహా లేచిపోతుంది.

గుంతలు పెద్దవైనా బలం ఒకచోట తెగితే చాలు. రేకును పర్లిన్‌కు పట్టేది స్క్రూ, పర్లిన్‌ను ట్రస్సుకు పట్టేది వెల్డింగు, ట్రస్సును స్తంభానికి పట్టేది ప్లేటు, స్తంభాన్ని కాంక్రీటుకు పట్టేది ఫౌండేషన్ బోల్టులు. గొలుసులో ఏ కడియం బలహీనమైతే అక్కడే తెగినట్టు షెడ్డు కూడా ఆ నాలుగింటిలో ఏది సన్నగా ఉంటే అక్కడ విడిపోతుంది. చూరు అంచులు, మూలల దగ్గర పీల్చే బలం మధ్య కన్నా చాలా ఎక్కువ, కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి. పని తొందరలో జరిగేది దీనికి తిరగబడ్డ పద్ధతి, అంచుల్లో నిచ్చెన అందక దూరంగా కొట్టేస్తారు. స్క్రూ కింద రబ్బరు వాషరు నొక్కుకుని కూర్చోవాలి, నలిగి బయటికి రాకూడదు. నలిగితే రెండు ఎండాకాలాలకు పగిలి, ఆ చిల్లు నుంచే చుక్క పడుతుంది.

మూడు వైపులా మూసి ముందు వైపు ఓపెన్‌గా వదిలే షెడ్డు చాలామందికి ఇష్టం, ట్రాక్టరు నేరుగా పెట్టుకోవచ్చని. గాలి లెక్కలో అదే అన్నిటికన్నా కష్టమైన ఆకారం. కోడ్ ప్రకారం గోడల్లో ఖాళీ 5 శాతం లోపు ఉంటే లోపలి ఒత్తిడి గుణకం 0.2, 20 శాతం దాటితే 0.7, అంటే లోపలి గాలి మూడున్నర రెట్లు గట్టిగా తోస్తుంది. ముందు వైపు నుంచి దూరిన గాలికి పోయే దారి లేక కప్పును ఎత్తేస్తుంది. అలాంటి షెడ్డు కట్టేటప్పుడు తెరిచిన ముఖం ఈదురుగాలి ఎక్కువగా వచ్చే దిక్కుకు ఉండకుండా చూడాలి, ఆ దిక్కు ఏదో ఊళ్లోని పెద్దవాళ్లకు బాగా తెలుసు. వెనక గోడ పైభాగంలో జాలీ వదిలితే ఇంకా నయం.

కట్టే సమయంలోని ప్రమాదం వేరే. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ ఈదురుగాలికి కూలి నలుగురు చనిపోయారు. గోడలు లేచి, పైన కట్టు పడని రోజుల్లో పొడవాటి గోడ గాలికి ఒంటరిగా నిలబడి ఉంటుంది, స్తంభాలకు కట్టి లేకపోతే దాన్ని ఆపేది ఏమీ లేదు. వేసవిలో పని పెట్టుకునేవాళ్లు ముందు ఇనుప ఫ్రేము నిలబెట్టి, తర్వాత గోడ లేపడం, మబ్బు పట్టగానే పనివాళ్లను గోడ పక్క నుంచి దూరంగా పంపడం తప్పనిసరి.

## చెలకా, రేగడా, బండా

అదే షెడ్డు దేవరకొండ చెలకలో ఒక తీరు, అలంపూర్ నల్లరేగడిలో ఇంకో తీరు. ఎర్ర చెలక, మొరం నేలల్లో మూడడుగులు తీస్తే గట్టి పొర తగులుతుంది, పని తేలిక. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు బారుతుంది, పైపైన పెట్టిన గుంత దాంతోపాటే లేచి దిగుతుంటే స్తంభాలు వంగుతాయి, బెడ్డు (కింది కాంక్రీటు నేల) పగుళ్లిస్తుంది. అక్కడ నెర్రెలు దిగే లోతు దాటి పోవాలి, బెడ్డు కింద రేగడిని తీసేసి మొరం నింపి తొక్కించాలి, ఈ మొరం ట్రాక్టర్ల ఖర్చు కొటేషన్‌లో ఎప్పుడూ ఉండదు. ఇక అడుగు లోతులోనే బండ తగిలే పొలాలు ఈ జిల్లాల్లో కొల్లలు. గుంత పోదని సగంలో ఆపి స్తంభం నిలబెట్టేయడం చేటు, కంప్రెషర్‌తో బండలో రంధ్రాలు వేసి రాడ్లు దించి పలచని సిమెంటు (గ్రౌటు) పోస్తే ఆ బండే గుంత కన్నా గట్టి పునాది అవుతుంది.

## వెడల్పు పెంచాలా, పొడవు పెంచాలా

1,200 చదరపు అడుగులు కావాలంటే 20×60 కట్టొచ్చు, 30×40 కట్టొచ్చు. చుట్టుకొలత మొదటిదానికి 160, రెండోదానికి 140 అడుగులు, కాబట్టి గోడరేకు రెండోదానికి తక్కువ. కానీ ట్రస్సు వెడల్పు ఒకటిన్నర రెట్లయితే దాని నడుమ పడే వంపు బలం రెండుంబావు రెట్లవుతుంది, అందుకే 30 అడుగుల ట్రస్సుకు ఇనుము చాలా ఎక్కువ పడుతుంది. మిషన్ తిప్పుకోవాల్సిన అవసరం లేని నిల్వ షెడ్డుకు 20 అడుగుల వెడల్పుతో పొడవు పెంచుకుంటూ పోవడం చవక, తర్వాత డబ్బులొచ్చినప్పుడు ఇంకో రెండు స్తంభాలు కలపడం కూడా సులువు.

50, 60 అడుగుల వెడల్పు మధ్యలో స్తంభం లేకుండా కావాలంటే మాత్రం ఫ్యాక్టరీలో తయారై వచ్చే షెడ్డు గెలుస్తుంది. అందులో బలం ఎక్కువ పడే చోట లావుగా, తక్కువ చోట సన్నగా ఉండే దూలాలు వాడతారు, ఇనుమూ ఎక్కువ గ్రేడుది. చిన్న షెడ్డుకు డ్రాయింగు, లారీ, క్రేను ఖర్చులు కలిపితే లోకల్ వెల్డరే మేలు.

## ధర నెలకో తీరుగా ఎందుకుంటుంది

ఇంటికి వాడే కమ్మీ ధర చూసి షెడ్డు ధర అంచనా వేయడం తప్పు. రేకు, చదరపు పైపు రెండూ పుట్టేది ఇనుప కాయిల్ నుంచి, దాని మార్కెట్ వేరు. విదేశీ ఉక్కు చౌకగా దిగుమతవుతోందని 2025 ఏప్రిల్‌లో కేంద్రం దిగుమతయ్యే ఇలాంటి ఫ్లాట్ ఉక్కు మీద 12 శాతం సేఫ్‌గార్డ్ సుంకం (దేశీ కంపెనీలను కాపాడే పన్ను) వేసింది, మొదట 200 రోజులకు. అలాంటి నిర్ణయాలు ముందు తగిలేది రేకు దుకాణంలోనే. ఇంకోవైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఇనుము మీద 18 అలాగే ఉంది. అంటే పన్నుల లెక్కలో చూసినా ఇప్పుడు గుంత పెద్దది చేయడమే చౌకైన బలం.

కొటేషన్ వారం రోజులకే చెల్లుతుందని వెల్డర్లు చెప్పేది ఈ ఊగిసలాట వల్లే. దీనికి విరుగుడుగా చాలామంది మెటీరియల్ తామే కొని కూలి మాత్రం కిలోకు ఇంతని మాట్లాడుకుంటున్నారు. పద్ధతి బాగానే ఉంది, కానీ కిలో కూలి మీద పనిచేసే వెల్డరుకు బరువు పెరిగితే లాభం, అవసరం లేని చోట కూడా ఇనుము వేయొచ్చు. చదరపు అడుగు రేటు మీద పనిచేసేవాడికి బరువు తగ్గితే లాభం. ఏ పద్ధతి ఒప్పుకున్నా పైపుల సైజు, మందం, ముక్కల సంఖ్య ముందే కాగితం మీద ఉంటే రెండు బెడదలూ పోతాయి.

ఆ కాగితంలో ఇంకా ఉండాల్సినవి: ధర నేల మీదా కప్పు మీదా, గుంతలు, బెడ్డు కలిసి ఉన్నాయా, షట్టరు, నీళ్ల గట్టరు, రవాణా ఎవరివి, జీఎస్‌టీ కలిపా విడిగానా. వెల్డింగు చేసిన చోట రెడాక్సైడ్ (తుప్పును ఆపే ఎర్ర పెయింటు) ఎన్ని పూతలు అన్నది కూడా. పైపు మీద రంగు ఎంత మెరిసినా, అతుకు దగ్గర కాలిన చోట పూత లేకపోతే మొదటి వానాకాలంలోనే ఎర్ర చారలు దిగుతాయి. డబ్బు మూడు నాలుగు విడతల్లో ఇస్తే, ఒక విడత తప్పకుండా బోల్టులు బిగించి రేకు ఎక్కించక ముందు, ఫ్రేము మొత్తం కంటికి కనపడే రోజున ఉండాలి.

## జాగా, కాగితాలు, సబ్సిడీ

11 కేవీ లైను కింద కానీ, దాని పక్కనే కానీ ఇనుప షెడ్డు కట్టొద్దు. మోటరు బాక్సు షెడ్డులోనే పెడితే ఎర్తింగు విడిగా చేయించాలి, ఫ్రేముకు కరెంటు తగిలితే షెడ్డంతా ప్రమాదమే.

సొంత పంట, సొంత పనిముట్ల కోసం కట్టేదానికీ, ఇతరులకు అద్దెకిచ్చే గోదాముకూ చట్టం దృష్టిలో తేడా ఉంటుంది. వ్యాపారానికి వాడితే 2006 చట్టం కింద భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవాల్సిన ప్రశ్న వస్తుంది, అలా మారిన భూమికి రైతు భరోసా రాదు. పని మొదలు పెట్టకముందే తహసీల్దారు ఆఫీసులో, గ్రామ పంచాయతీలో అడిగి పెట్టుకోవాలి.

అప్పు, సబ్సిడీ మీద ఆశతో కట్టేవాళ్లు ఒక విషయం గమనించాలి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు రుణానికి ఏడేళ్ల దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది, గోదాముల పథకంలో మామూలుగా 25 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు 33.33 శాతం సబ్సిడీ ఉంటుంది, కనీస నిల్వ సామర్థ్యం 50 టన్నులు. నాలుగు స్తంభాల ఓపెన్ షెడ్డు దాని కిందికి రాదు, గోడలు, తలుపులు, గట్టి బెడ్డు ఉన్న గోదాము కావాలి. రెండూ బ్యాంకు రుణంతో ముడిపడి ఉన్నవే, సొంత డబ్బుతో కట్టేశాక బిల్లులు పట్టుకుని పోతే ఇచ్చేవి కావు. గడువులు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బ్యాంకు మేనేజరుతో మాట వెల్డరుకు అడ్వాన్సు ఇవ్వకముందే జరగాలి.